మిరప నారుకు కాడ గట్టిపరిచిన ప్రేమమ్మ

ప్రేమమ్మ సాధించిన మొదటి గెలుపు తొమ్మిది వందల నలభై మిరప మొక్కలు. పది ట్రేలు, ట్రేకు తొంభై ఎనిమిది గుంటలు, గుంటకొక గింజ. వేసినవి తొమ్మిది వందల ఎనభై, నిలబడినవి తొమ్మిది వందల నలభై. వినడానికి చిన్న లెక్కే. కానీ అంతకు ముందు రెండు విడతలు వేసిన నారు కుళ్ళు తెగులుకు చిక్కి, మొదళ్ళు నీరుకారి, వరసకు వరస ఒరిగిపోయింది. మొదటి విడత పోయినప్పుడు ఊరు నవ్వింది. రెండో విడత పోయినప్పుడు నవ్వడం మానేసి జాలిపడింది. నవ్వు కన్నా ఆ జాలే ఆమెను ఎక్కువ కాల్చింది. మూడో విడతకు నీళ్ళు సగానికి తగ్గించింది, గుంటల్లో మట్టికి బదులు నింపే కొబ్బరి పొట్టును మూడు రోజులు ఎండలో ఆరబోసింది, చేతులు సబ్బుతో కడుక్కోనిదే ఎవ్వరినీ, చివరికి కట్టుకున్న మొగుణ్ణి కూడా, నారు దగ్గరికి రానివ్వలేదు. అలా దక్కినవి ఆ తొమ్మిది వందల నలభై.

నకరికల్లు దాటి పిడుగురాళ్ళ వైపు పోతుంటే రోడ్డు పక్కన ఆకుపచ్చ వలలు కప్పుకొని కనిపించేది ఆమె నర్సరీయే. చదివింది ఏడో తరగతి. అదీ ఊరి బళ్ళోనే. పద్నాలుగేళ్ళు ఇతరుల చేలల్లో కలుపు తీసిన చేతులతోనే ఇనప గొట్టాలు వంచి పందిరి నిలబెట్టింది. ఆమె పెంచిన నారు వినుకొండ పోయింది, గురజాల పోయింది, కృష్ణ దాటి మిర్యాలగూడ వైపు కూడా పోయింది. బొబ్బర తెగులు ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చిన ఏడాది, ఆ తెగులును మోసుకొచ్చే తెల్లదోమను ఒక్కదాన్ని కూడా వల లోపలికి చొరనివ్వకుండా డెబ్బై వేల మొక్కలు శుభ్రంగా రైతుల చేతిలో పెట్టింది. రిపబ్లిక్ దినోత్సవం నాడు పిలిచి శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పుడు మోటారు స్టార్టరు పెట్టె మీద జల్లు పడకుండా కప్పి ఉంటుంది. ఎవరైనా అదేమిటని అడిగితే, “శాలువా ఉండేది కప్పటానికేగా” అంటుంది.

ఇన్ని చెప్పి ఈ ఏడాది జులైలో ఆమె పడ్డ కష్టం చెప్పకపోతే మనిషిని సగమే చెప్పినట్టు.

రెంటచింతల దగ్గర రైతు ధనుంజయరావు నాలుగెకరాల మిరప తోటకు నారు పెంచమని జులై మొదటి వారంలో గింజల ప్యాకెట్లు పట్టుకొని వచ్చాడు. గింజ రైతుది, పెంపకం నర్సరీది. ఈ ప్రాంతంలో అదే ఏర్పాటు. నిరుడు ఆయన వేరేచోట పెంచిన నారు నాటితే వారం తిరక్కుండా మూడొంతులు చచ్చింది. ఒకప్పుడు సర్పంచిగా చేసిన మనిషి, ఊళ్ళో తల ఎత్తుకోలేకపోయాడు.

“చెల్లెమ్మా, ఈ రకం గింజ ఇంక దొరకదు. కంపెనీలో అయిపోయిందన్నారు. ఉన్నదంతా నీ చేతిలో పెడుతున్నా. ఇది పోయిందంటే నా ఏడాది పోయినట్టే.”

“పోనియ్యనన్నయ్యా.”

“మా వైపు పదిమంది రైతులు చూస్తున్నారు. నీ నారు నిలబడితే వచ్చే ఏడు అందరూ నీకాడికే. పడిపోయిందా, ఇటు వైపు నీ పేరు ఎత్తేవాడు ఉండడు.”

ఆ మాట ప్రేమమ్మ గుండెల్లో దిగబడింది. పక్క ఊళ్ళలో కొత్త నర్సరీలు పుట్టుకొచ్చి నిరుడే బేరాలు తగ్గాయి. ఆ గింజలకు పట్టే ఐదు వందల ట్రేలూ చెడితే పందిరి విప్పి అమ్ముకొని, మళ్ళీ కొడవలి పట్టుకొని పక్కవాళ్ళ చేలగట్లు ఎక్కాల్సిందే. యాభై ఒకటో ఏట ఆ గట్లు ఎక్కడం ఆమెకు ఇష్టం లేదు.

జులై నాలుగున గింజ వేసింది. తొమ్మిదో రోజుకు పందిరి కింద పచ్చటి చుక్కలు పరుచుకున్నాయి. ఆ తర్వాత వాన మొహం చాటేసి వైశాఖం తిరిగొచ్చినట్టు ఎండలు కాశాయి. లేత నారు మాడుతుందని భయపడి ప్రేమమ్మ పందిరి మీద రెండో వల కూడా లాగించింది. అది ఆమె చేసిన పొరపాటు. రెండో పొరపాటు ఆమెది కాదు, ఆమె మొగుడు అంకారావుది.

అంకారావు మంచివాడే, కాకపోతే పాతకాలపు కొలత మనిషి. ఇదివరకు మిరప నారు మళ్ళల్లో పోసి, జానెడు పొడుగయ్యాక పీకి, కట్టలు కట్టి అమ్మేవాళ్ళు. కొనేవాడు వచ్చి చెయ్యి చాపి జాన పెట్టి చూసేవాడు. జానకు తగ్గితే కట్ట ముట్టేవాడు కాడు. పల్నాటి రైతుకు ఆ అలవాటు ఇంకా వదల్లేదు, ట్రేలో పెంచిన మొక్కకు కూడా జానే పెడతాడు. పద్దెనిమిదో రోజుకు నారు నాలుగు వేళ్ళే ఉందని అంకారావుకు బెంగ పట్టుకుంది. ధనుంజయరావు వచ్చి జాన పెడితే ఏం చెప్పాలి? బజారుకు పోయి, మొక్క పెరగడానికి టానిక్ కావాలని అడిగి సీసా తెచ్చాడు. ప్రేమమ్మ కొబ్బరి పొట్టు కోసం నరసరావుపేట పోయిన పూట ఐదు వందల ట్రేల మీదా కొట్టేశాడు.

నాలుగు రోజులు తిరిగేసరికి నారు రెట్టింపైంది. ఆకుల పచ్చదనం వెలిసింది. కాడలు కుట్టుదారంలా సన్నగా సాగి, నీళ్ళు పట్టగానే ఒకదానిమీద ఒకటి వాలిపోతున్నాయి.

“ఏవయ్యా, ఏంది ఇది? ఏం చేశావు?”

“ఏముందే, కొంచెం పెరగాలని...”

“ఏం కొట్టావు?”

అంకారావు పశువుల కొట్టంలోంచి ఖాళీ సీసా తెచ్చి ఇచ్చాడు. ప్రేమమ్మ దాని మీద అక్షరాలు కూడబలుక్కొని చదివింది. జిబ్బరెల్లిక్ ఆసిడ్. చదివి సీసాను మొగుడి కాళ్ళ ముందు పెట్టింది. తిట్టలేదు. తిట్టి ఉంటే అంకారావుకు కొంచెం ఊరటగా ఉండేది.

నర్సరీలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్న వీరరాఘవమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని చూసింది. “ఏం బావా, నారు పెంచావా, సవరం జుట్టు పెంచావా? దువ్వెన తెమ్మంటావా?”

ప్రేమమ్మ ఆ పూటే రెండు ఫోన్లు చేసింది. మొదటిది ధనుంజయరావుకు. దాచితే మూడు వారాలు దాచవచ్చు, కానీ దాచలేదు.

“అన్నయ్యా, నారు సాగింది. తప్పు మాదే. ఇంకా ఇరవై రోజులుంది. గట్టిపరచటానికి చూస్తా.”

ధనుంజయరావు “ఆగస్టు పద్నాలుగో తారీఖు వస్తా. కాడ నిలబడితే తీసుకుంటా. వంగితే మాత్రం ఒక్క ట్రే ముట్టను” అని పెట్టేశాడు.

రెండో ఫోను సైమాకు. సత్తెనపల్లి అమ్మాయి, ఉద్యాన శాఖలో గ్రామ సహాయకురాలు. వచ్చి రెండేళ్ళయింది. చదివిన చదువు పల్లెటూరివాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పగల పిల్ల అని ప్రేమమ్మకు గురి. సైమా స్కూటీ దిగి, సీసా చూసి, తల ఎత్తి పందిరి మీది రెండు వలలూ చూసింది.

“పిన్నీ, రెండు తప్పులు ఒకే చోట కలిసినయ్యి.”

“అర్థమయ్యేటట్టు చెప్పమ్మా.”

“మొక్క కొసలో ఒక పదార్థం పుడుద్ది, ఆక్సిన్ అంటారు. కొస నుంచి కాడలోకి దిగుద్ది. కాడంతా చిన్న చిన్న గదులనుకో. ఆక్సిన్ ఆ గదుల గోడల్ని వదులు చేసుద్ది. గోడ వదులైతే గది నీళ్ళు తాగి సాగుద్ది. గదులు సాగితే కాడ సాగినట్టే. నీడ ఎక్కువైతే మొక్క ఏమనుకుంటదంటే, పక్క మొక్క నా మీద కమ్ముకుంది, దాన్ని దాటి వెలుతురు అందుకోవాల అని. లావవటం మానేసి పైకి పరిగెత్తుద్ది. రెండో వల వేసి నువ్వు దాన్ని పరిగెత్తించావు.”

“మరి ఈయన సీసా?”

“జిబ్బరెల్లిన్ మొక్కలో కూడా పుడుద్ది పిన్నీ. మొక్క తన ఎదుగుదలకి తనే బ్రేకు పెట్టుకుంటది. జిబ్బరెల్లిన్ వచ్చి ఆ బ్రేకు పీకేసుద్ది. ద్రాక్ష తోటల్లో కావాలని కొడతారు. మిరప నారుకి ఎవరు కొడతారు? నువ్వు యాక్సిలరేటర్ తొక్కావు, బాబాయి బ్రేకు పీకాడు.”

“ఇద్దరం కలిసి బండిని కాలవలో దించాం” అన్నాడు అంకారావు. ఎవరూ నవ్వలేదు.

సాగిన కాడ మళ్ళీ పొట్టిది కాదని సైమా ఉన్న మాట చెప్పింది. ఇకమీదట సాగకుండా ఆపితే, ఉన్నది లావెక్కితే, అప్పుడు బతుకుతుంది. పై వల తీసేయాలి, ఒక్కసారిగా కాదు, రోజుకు కొంచెం. నీళ్ళు తగ్గించాలి. యూరియా చుక్క కూడా వేయకూడదు. ఎదుగుదల కుదించే మందు కూడా బజార్లో ఉంది. అయితే మోతాదు మించితే మొక్క చేలోకి పోయాక కూడా గిడసబారి కూర్చుంటుందని, దాని జోలికి పోవద్దంది.

“ఇవన్నీ చేస్తే నిలబడుద్దా?” అని అడిగింది ప్రేమమ్మ.

సైమా వాలిన కాడనొకదాన్ని వేలితో ఎత్తి వదిలింది. “సగం నిలబడొచ్చు” అంది.

సగం చాలదు. ప్రేమమ్మ ట్రేలు పరిచిన మడుల మధ్య అటూ ఇటూ నడిచింది. ఇలాంటప్పుడు ఆమె కూర్చోలేదు, నడుస్తూనే చూస్తుంది, చూస్తూనే లెక్కవేస్తుంది. అలా నాలుగోసారి తిరుగుతుండగా ఆగింది. కుళాయి దారి పక్క వరసలో మొక్కలు వాలలేదు. వంగి కూర్చొని వేళ్ళు పెట్టి చూసింది. లోపలి వరసల కన్నా రెండు వేళ్ళు పొట్టి. కాడ అగ్గిపుల్ల లావు.

“సైమా, ఇటు రా. ఇయ్యేంది?”

“అంచు వరస కదా పిన్నీ. వెలుతురు ఎక్కువ తగిలి ఉంటది.”

“కాదు. పడమటి పక్క అంచుకి దీనికంటే చానా వెలుతురు. అక్కడ చూడు, అవీ సాగినయ్యి. నీళ్ళు ఒకటే, మందు ఒకటే. దీనికి మాత్రం ఏమైంది?”

సైమా రెండు వరసలూ మార్చి మార్చి చూసింది. వీరరాఘవమ్మ కుళాయి దగ్గర గొట్టం చుడుతూ, “ఆ దారెంట నువ్వు రోజుకి వంద సార్లు తిరుగుతావు, ఆ పక్కకి పిల్లి కూడా పోదు. అదే తేడా” అంది.

ప్రేమమ్మ తన చీర కుచ్చెళ్ళ వైపు చూసుకుంది. అంచున మిరపాకు పసరు మరకలు. నడిచినప్పుడల్లా చీర ఆ వరస తలల మీదుగా రాసుకుంటూ పోతోంది. ఒకడుగు వేసింది. కుచ్చెళ్ళు తగిలి పది మొక్కలు వంగి, మళ్ళీ లేచాయి.

సైమా నోరు తెరిచి ఆమె చెయ్యి పట్టుకుంది. “పిన్నీ! ఇది నేను పరీక్షలో రాశాను. పది మార్కుల ప్రశ్న. కళ్ళతో చూడటం ఇదే మొదలు.”

“రాసింది ఏంది, చెప్పు ముందు.”

“తాకితే మొక్క గాలి అనుకుంటది. గాలికి ఊగే చోట పొడుగు పోతే విరిగిపోద్దిగా. అందుకని ఇథిలీన్ అని ఒక వాయువు పుట్టించుకుంటది, లోపల ఉన్న జిబ్బరెల్లిన్‌ని తగ్గించుకుంటది. పొడుగు ఆపి లావెక్కుద్ది. బాబాయి పీకిన బ్రేకు అదే మళ్ళీ బిగించుకుంటది.”

“మనం తాకితే చాలా?”

“చాలు. కాకపోతే రోజూ తాకాల.”

ప్రేమమ్మ ఇంట్లోకి పోయి మెత్తబడిన నేత చీర తెచ్చి, మడి వెడల్పున్న వెదురు బొంగుకు వేలాడగట్టింది. మడికి ఈ పక్క ఆమె, ఆ పక్క వీరరాఘవమ్మ. ఇద్దరూ బొంగు చెరో కొస పట్టుకొని, చీర అంచు మొక్కల తలల మీద తేలిగ్గా రాసుకునేట్టు నడిచారు. ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్ళీ వెనక్కు. ఉదయం ఇరవై సార్లు, సాయంత్రం ఇరవై సార్లు. ఆకు తడిగా ఉంటే మాత్రం ముట్టకూడదు, ఒక మొక్క తెగులు వరసంతా అంటుకుంటుంది. అందుకని తెల్లవారగానే నీళ్ళు పెట్టి, తొమ్మిదింటికి ఆకు ఆరాక చీర పట్టేవాళ్ళు. సైమా మూలనున్న రెండు ట్రేలను చీర తగలకుండా వదిలెయ్యమంది. తేడా తెలియాలంటే తాకనివి కూడా ఉండాలని.

మొదటి రోజు రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. “ఏం ప్రేమమ్మక్కా, నారుకి చలేస్తుందా, చీర కప్పుతున్నావు?”

“అవునయ్యా,” అంది వీరరాఘవమ్మ, “రేపటికి రవికె కూడా కుట్టిస్తాం, కొలతలకి రా.”

ఐదు రోజులు ఏ మార్పూ లేదు. వాలిన కాడలు వాలినట్టే ఉన్నాయి. ఆరో రోజు ప్రేమమ్మకు అన్నం సహించలేదు. రెండో వల కొంచెం కొంచెంగా తీస్తుంటే లేత ఆకుల అంచులు మాడి, అదొక భయం పట్టుకుంది. అంకారావు ఆ వారమంతా చెప్పిన పని కాక రెండు పనులు ఎక్కువ చేశాడు. బొంగు తనే పట్టుకుంటానన్నాడు. ఆయన నడిస్తే చీర బరువుగా పడుతోందని వీరరాఘవమ్మ లాక్కుంది. “నువ్వు ముట్టుకున్నది చాల్లే బావా.”

తొమ్మిదో రోజు ప్రేమమ్మ నీళ్ళు పట్టి వెనక్కి తిరిగి చూసింది. నీళ్ళ బరువుకు వంగిన మొక్కలు వంగినట్టే ఉండిపోలేదు, లేచాయి. మడంతా లేవలేదు గానీ ముందు వరసలు లేచాయి. ఆమె ఎవరినీ పిలవలేదు, ఇంకో మడి దగ్గరికి పోయి చూసింది. అక్కడా లేచాయి. కొసన వచ్చిన కొత్త ఆకులు దగ్గర దగ్గరగా, ముదురు పచ్చగా ఉన్నాయి. ఆ రోజు ఆమె రెండు సార్లు వడ్డించుకొని తిన్నది.

పద్నాలుగో తారీఖు గురువారం ధనుంజయరావు వచ్చాడు. పలకరింపులు లేవు. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కొని సరాసరి లోపలికి పోయాడు. చెయ్యి చాపి జాన పెట్టాడు. మొక్క ఆయన చిటికెన వేలికి అందలేదు.

“జానకు తగ్గింది.”

అంకారావు మొహం పాలిపోయింది. ప్రేమమ్మ మూల నుంచి తాకని ట్రే తెచ్చి పక్కన పెట్టింది. అందులో మొక్కలు జాన దాటి మూడు వేళ్ళు ఎదిగాయి, ఎదిగి ట్రే అంచు మీదుగా కిందికి వేలాడుతున్నాయి.

“జాన కావాలంటే ఇయ్యి తీసుకో అన్నయ్యా. నిలబడేవి కావాలంటే అయ్యి తీసుకో.”

ధనుంజయరావు రెండు ట్రేల్లోంచీ చెరొక మొక్క వేరుతో సహా పైకి లాగాడు. వేలాడే మొక్కను రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే తలకాయ వాల్చింది. రెండోదాన్ని పట్టుకున్నాడు, నిటారుగా నిలబడింది. గోటితో కాడ నొక్కి చూశాడు. తెల్లటి వేళ్ళు పొట్టును గట్టిగా పట్టుకొని ముద్దగా ఉన్నాయి. ఊపాడు. ఊగి మళ్ళీ నిలబడింది.

“ఏం చేశావు దీనికి?”

“చీరతో నిమిరాం.”

“చీరతో?”

“పాత చీరే అన్నయ్యా. కొత్తది పెట్టలా.”

ధనుంజయరావు నవ్వాడు. వచ్చి అరగంటైనా నవ్వని మనిషి, అక్కడే ఇటుక మీద కూర్చొని మరీ నవ్వాడు. “ఊళ్ళో అడిగితే ఏం చెప్పను నేను? చీరతో నిమిరిన నారు తెచ్చానని చెప్పనా?”

“సైమాని తీసుకుపో. ఇథిలీన్ అని చెప్పుద్ది. అప్పుడు నమ్ముతారు.”

ప్రేమమ్మ పక్కనున్న ఖాళీ ట్రేల దొంతర సర్దింది. ఇరవై రోజులుగా ఛాతీ మీద పెట్టుకున్న రాయి దిగింది. దిగాక గానీ దాని బరువు ఎంతో ఆమెకు తెలియలేదు. అంకారావు పందిరి గుంజకు ఆనుకొని, మొహం అటు తిప్పుకొని తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. ఇన్ని రోజుల తర్వాత ఆమె మొగుడితో మొదటిసారి మామూలుగా మాట్లాడింది.

“ఏవయ్యా, అన్నయ్యకి టీ పెట్టమని చెప్పు. నువ్వు పెట్టమాక. మళ్ళీ ఏం కలుపుతావో.”

అయితే ధనుంజయరావు రైతు. మెచ్చుకున్నా మొత్తం నమ్మడు. టీ తాగి గ్లాసు కింద పెడుతూ ఒక షరతు పెట్టాడు.

“ట్రేలో నిలబడింది సరే. మా రెంటచింతల ఎండలో, చేలో నిలబడాల. నాటేటప్పుడు నువ్వు రావాల చెల్లెమ్మా. మొక్క పెట్టేచోట్లు తెలిసేటట్టు చేలో అచ్చు తోలి సిద్ధంగా పెట్టా. కూలోళ్ళ పక్కన నిలబడి ఎంత లోతు పెట్టాలో నువ్వే చెప్పి నాటించు. వేరు పట్టి కొత్త ఆకు వేసేదాకా మా ఇంట్లో ఉండు. కొత్త ఆకు నా కళ్ళకి చూపించి పో.”

“ఎన్నాళ్ళు పడుద్ది?”

“నాటటానికి మూడు రోజులు. తేరుకోటానికి వారం.”

ప్రేమమ్మ పెళ్ళయ్యాక ఇంటిని అన్నాళ్ళు వదిలి ఎక్కడా ఉండలేదు. వెనక పందిరి కింద బంతి నారు ఉంది, టమాటా నారు ఉంది. సైమా రోజూ సాయంత్రం వచ్చి చూస్తానంది. వీరరాఘవమ్మ బొంగూ చీరా తన అధీనంలోకి తీసుకుంది. “పో అక్కా, పో. బావ నారు దగ్గరికొస్తే ఇదే బొంగుతో చెప్తా.”

పదిహేడో తారీఖు ఆదివారం పొద్దున చెక్క అరలు కట్టిన లారీలోకి నాలుగు వందల తొంభై ఎనిమిది ట్రేలు ఎక్కాయి. ఒక్కొక్క ట్రే ఎక్కుతుంటే ప్రేమమ్మ పక్కన నిలబడి చూసింది. వంగినది ఒక్కటీ కనబడలేదు. బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకొని డ్రైవరు పక్కన కూర్చుంది. పిడుగురాళ్ళ, గురజాల దాటి లారీ రెంటచింతల చేరేసరికి పదయింది. బుధవారం మధ్యాహ్నానికి నాలుగెకరాలూ నాటేశారు. శుక్రవారం ధనుంజయరావు గట్టు మీద నిలబడి పంపిన ఫోటోలో మొక్కలు ఎండలో నిక్కి ఉన్నాయి. వాటి మధ్య ప్రేమమ్మ చీర చెంగు తలకు చుట్టుకొని, నీళ్ళు ఎక్కువ పెడుతున్న కూలీని కాబోలు, చెయ్యెత్తి కేకేస్తోంది. పక్క చేలవాళ్ళు ముగ్గురు వచ్చే ఏటికి తమ గింజలు కూడా ఆమెకే ఇస్తామన్నారని ఫోటో కింద ఆయనే రాశాడు.

నారు కోసం వచ్చినవాళ్ళు ఆమె ఏదని అడుగుతుంటే రోజుకు పదిసార్లు చెప్పలేక అంకారావు అట్టముక్క మీద రాసి గేటుకు కట్టాడు. ప్రేమమ్మ రెంటచింతలలో ఉంది. వినాయక చవితికి ముందు రోజు వస్తుంది. ఆగస్టు 26, మంగళవారం.